ముందు గిటార్ రేటు అడగడం మానేద్దాం

ఆగస్టులో మన మ్యూజిక్ క్లబ్ ఆడిషన్స్ జరిగాయి. నేను లోపల యాంప్ పక్కన కూర్చుని వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుంటున్నా. ఒక ఫస్టియర్ కుర్రాడు గుమ్మం దాకా వచ్చాడు. వాడి గిటార్‌కి బ్యాగ్ లేదు. పాత దుప్పట్లో చుట్టి, నైలాన్ తాడుతో కట్టి తెచ్చుకున్నాడు. లోపల అప్పటికే నలుగురు ఉన్నారు, నలుగురివీ నల్లటి హార్డ్ కేసులు. సీనియర్ అన్న ఒకరు ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగారు: "ఏ గిటార్ తమ్ముడూ? ఎంత పడింది?" ఆ అన్న చెడ్డవాడేం కాదు, మాట కలపడానికి అడిగాడంతే. కుర్రాడు ఏదో గొణిగి, "ఇప్పుడే వస్తానన్నా" అని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. వాడి పేరు కూడా నా లిస్టులోకి ఎక్కలేదు. నేను అక్కడే ఉన్నా, ఒక్క మాట మాట్లాడలేదు. అప్పట్నుంచీ అది లోపల గుచ్చుతూనే ఉంది. ఈ వ్యాసం అందుకే.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తా. నాది ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియం. తెలుగులో ఇంత పొడుగ్గా రాయడం ఇదే మొదటిసారి. ఒత్తులు తప్పితే ఎడిటర్ అక్క దిద్దుతానంది. అభిప్రాయాలు మాత్రం దిద్దొద్దని బతిమాలుకున్నా.

నా అభిప్రాయం ఏంటంటే, మనం రాక్ ఆల్బమ్స్‌లో పడిచచ్చేంతగా ఇష్టపడే ఆ గిటార్ శబ్దం షోరూమ్‌లో పుట్టలేదు. పాడైపోయిన మిక్సర్లలో, కోసేసిన స్పీకర్లలో, దెబ్బతిన్న వేళ్ళ కింద, ఇంట్లో దొరికిన చెక్కముక్కల్లో పుట్టింది. అలాంటి సంగీతం పేరు పెట్టుకున్న క్లబ్బులో ముందు గిటార్ రేటు అడగడం చాలా సిల్లీగా ఉంటుంది.

ఫస్టియర్ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో క్లిప్పర్ సర్క్యూట్ చేశాం, గుర్తుందా? సైన్ వేవ్ ఇస్తాం, రెండు డయోడ్లు పెడతాం, స్కోప్ మీద అల నెత్తి చదునైపోతుంది. రికార్డులో బొమ్మ గీసి, సంతకం పెట్టించుకుని, ఆ రాత్రికే మర్చిపోయాం. గిటార్ డిస్టార్షన్ అంటే అదే. చాలా పెడల్స్ విప్పి చూస్తే లోపల కనిపించేవి ఆ డయోడ్లే. నెత్తి చదునైన అలలో అసలు ఫ్రీక్వెన్సీతో పాటు దానికి మూడు రెట్లు, అయిదు రెట్లు, ఏడు రెట్లు ఉండే కొత్త ఫ్రీక్వెన్సీలు పుడతాయి. ఒక్క తీగ మీటితే గుంపు మొత్తం గొంతెత్తినట్టు వినపడేది అందుకే. పుస్తకంలో మాత్రం దీన్ని లోపం అనే రాసి ఉంటుంది. యాంప్లిఫయర్ చెయ్యకూడని పని అని.

ఆ లోపం రికార్డుల్లోకి ఎలా వచ్చిందో చూడండి. నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ అనే కంట్రీ గాయకుడి పాట, 1961లో వచ్చిన 'డోంట్ వర్రీ', రికార్డ్ చేస్తున్నారు. గ్రేడీ మార్టిన్ వాయిస్తున్న బేస్ గిటార్ వెళ్ళే మిక్సర్ ఛానల్ పాడై, సోలో అంతా కందిరీగల తుట్టె కదిలించినట్టు వచ్చింది. మనమైతే రీటేక్ అనేవాళ్ళం. వాళ్ళు అలాగే ఉంచేశారు, పాట హిట్టయింది. ఆ రికార్డింగ్ ఇంజినీర్ గ్లెన్ స్నాడీ తర్వాత అదే శబ్దం కావాలని ఒక ట్రాన్సిస్టర్ సర్క్యూట్ తయారుచేశాడు. అది 1962లో మాయెస్ట్రో ఫజ్-టోన్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. 1965లో రోలింగ్ స్టోన్స్ 'సాటిస్‌ఫాక్షన్' మొదట్లో వినపడే ఆ గరగర దానిదే. అసలు కీత్ రిచర్డ్స్ ఆ బిట్‌ని ట్రంపెట్లు, శాక్సాఫోన్లు వాయించాలనుకుని, గుర్తు కోసం మాత్రమే ఫజ్ పెట్టి వాయించాడు. మనం వింటున్నది ఆ గుర్తునే.

ఈ మధ్యలోనే, 1964లో, లండన్‌లో కింక్స్ బ్యాండ్ డేవ్ డేవీస్ తన చిన్న యాంప్ స్పీకర్‌ని బ్లేడుతో కోసేశాడు. అప్పుడతనికి 17 ఏళ్ళు. చిరిగిన కాగితపు కోన్ గిలగిలలాడుతూ ఇచ్చిన శబ్దమే 'యూ రియల్లీ గాట్ మీ'. మన హాస్టల్లో ఎవడైనా ఆ పని చేస్తే వార్డెన్ ఇంటికి ఫోన్ చేస్తాడు.

డిస్టార్షన్ వచ్చాక కార్డ్స్ కూడా మారాయి. మామూలు మేజర్ కార్డ్‌ని ఫుల్ డిస్టార్షన్‌లో వాయిస్తే మూడు స్వరాలు ఒకదానిమీద ఒకటి పడి బురదైపోతుంది. అందుకే మధ్య స్వరం తీసేసి రెండే ఉంచుకున్నారు. దాన్నే పవర్ కార్డ్ అంటాం. ఆ రెండూ ఏవో తెలుసా? మన షడ్జమం, పంచమం. మా అమ్మమ్మ పాట నేర్చుకున్న రోజుల్లో శ్రుతి పెట్టె వేసుకుని కూర్చునేదట. దాంట్లో మోగే స - ప - స ఇదే. వాటి ఫ్రీక్వెన్సీల నిష్పత్తి 2:3. డిస్టార్షన్‌లో వాటి తేడా, అంటే 1, కూడా వినపడుతుంది. అది కింది షడ్జమం. ఎవరూ మీటని స్వరం కింద నుంచి వచ్చి మోగుతుంది. మెటల్ వింటే ఛాతీలో కొట్టినట్టుండే ఆ బరువులో సగం ఆ కనపడని స్వరానిదే.

బరువు అనగానే బ్లాక్ సబ్బాత్ గురించి మాట్లాడాలి. టోనీ ఐయోమీ ఇంగ్లాండ్‌లోని బర్మింగ్‌హామ్ కుర్రాడు, రేకుల ఫ్యాక్టరీలో పని. బ్యాండ్‌తో టూర్‌కి వెళ్దామని ఉద్యోగం మానేశాడు. ఆఖరి రోజు మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి ఇంక వెళ్ళనంటే, మొదలెట్టిన రోజు పూర్తి చేసి రమ్మని వాళ్ళమ్మ పంపిందని ఆయనే చెప్పుకున్నాడు. ఆ మధ్యాహ్నం మెషిన్‌లో పడి కుడిచేతి మధ్యవేలు, ఉంగరపువేలు కొసలు తెగిపోయాయి. అప్పుడు వయసు 17. ఎడమచేతి వాటం మనిషి, కాబట్టి తీగలు నొక్కేది ఆ కుడిచేత్తోనే. ఇక గిటార్ మర్చిపొమ్మన్నారు. ఫ్యాక్టరీ మేనేజర్ ఇంటికొచ్చి జాంగో రైన్‌హార్ట్ రికార్డు వినిపించాడు. అగ్నిప్రమాదం తర్వాత ఎడమచేతి రెండు వేళ్ళతోనే సోలోలు వాయించిన జాజ్ గిటారిస్ట్ ఆయన. ఐయోమీ సబ్బుద్రవం ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకి తొడుగులు చేసుకున్నాడు, వాటిమీద తోలు అంటించాడు. లావు తీగలు నొక్కితే నొప్పి, అందుకని సన్నవి వేశాడు. 1971లో వచ్చిన 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' నాటికి చాలా పాటల్లో శ్రుతిని మూడు మెట్లు దించేశాడు. తీగ వదులైంది, వేలికి సుఖమైంది, శబ్దం పాతాళానికి పోయింది.

బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బమ్ 1970 ఫిబ్రవరిలో వచ్చింది. దాదాపు ఒక్క రోజులో రికార్డ్ చేశారు. ఇప్పుడు వింటే తప్పులు వినపడతాయి, తొందర వినపడుతుంది, గదిలో నలుగురు మనుషులున్నారని తెలుస్తుంది. నాకు 'పారనాయిడ్' కన్నా ఇదే ఇష్టం. దీనిమీద నా రూమ్‌మేట్‌తో రెండు రోజులు మాటల్లేవు. అయినా మార్చుకోను.

ఇంకో కుర్రాడి కథ. అది నాకు మరీ దగ్గరిది. 1963లో బ్రయాన్ మే అనే లండన్ స్కూల్ పిల్లాడికి ఫెండర్ కావాలి, ఇంట్లో డబ్బుల్లేవు. వాళ్ళ నాన్న ఎలక్ట్రానిక్స్ మనిషి. ఇద్దరూ కలిసి ఇంట్లోనే గిటార్ చెయ్యడం మొదలెట్టారు. పాత ఇంటి పొయ్యిగూటి పైచెక్కతో మెడ చేశారు. దాంట్లో చెదపురుగు బొక్కలుంటే అగ్గిపుల్లలు పెట్టి పూడ్చారు. ట్రెమొలోకి పాత మోటార్‌సైకిల్ వాల్వ్ స్ప్రింగులు, మెడమీద చుక్కలకి వాళ్ళమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు. దాదాపు రెండేళ్ళు పట్టింది. క్వీన్ ఆల్బమ్స్ అన్నిట్లో వినపడేది ఆ గిటారే. ప్లెక్ట్రమ్ బదులు ఆరు పెన్నీల నాణెంతో వాయిస్తాడు. ఆయనకి ఆస్ట్రోఫిజిక్స్‌లో పీహెచ్‌డీ కూడా ఉంది, 2007లో పూర్తి చేశాడు. అంటే మన అరియర్స్ ఇంకా లేటు కాదు.

అదే బ్యాండ్‌లో బేస్ వాయించే జాన్ డీకన్ చదివింది మనలాగే ఎలక్ట్రానిక్స్. చెత్తతొట్టిలో దొరికిన సర్క్యూట్ బోర్డుని తెచ్చి, ఒక పాత స్పీకర్ డబ్బాలో పెట్టి, 9 వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న యాంప్ చేశాడు. 1975 నాటి 'ఎ నైట్ ఎట్ ది ఒపేరా' ఆల్బమ్‌లో 'గుడ్ కంపెనీ' అనే పాట ఉంది. దాంట్లో ట్రంపెట్లు, క్లారినెట్లతో జాజ్ బ్యాండ్ మోగుతున్నట్టుంటుంది. అవన్నీ గిటారే. పొయ్యి చెక్క గిటార్, చెత్తతొట్టి యాంప్. మొదటిసారి ఈ సంగతి తెలిసినప్పుడు ఆ పాట నాలుగుసార్లు వరసగా విన్నా, ఎక్కడైనా దొరికిపోతారేమోనని. దొరకలేదు.

ఇది నాకెందుకు దగ్గరంటే, నేనూ అలా అడిగినవాణ్ణే. మాది పాలకొల్లు దగ్గర ఊరు. నాన్నకి మోటార్ వైండింగ్ షాపుంది. రొయ్యల చెరువుల ఏరేటర్ మోటార్లు కాలిపోతే మా షాపుకే వస్తాయి. నా గిటార్ పాసవుటైన ఒక సీనియర్ దగ్గర 4,500కి కొన్న సెకండ్‌హ్యాండ్. రెండు పికప్స్‌లో ఒకటి మూగ, రెండోది ఒకటే గూఁ అని గోల. ఫస్టియర్ అయ్యాక నాన్నని 55,000 రూపాయల గిటార్ అడిగా. నాన్న కాదనలేదు. "చూద్దాంలే" అన్నాడు. ఆ మాటకి మా ఇంట్లో అర్థం నాకు తెలుసు. రెండు వారాలు సరిగ్గా ఫోన్ ఎత్తలేదు.

దసరా సెలవులకి గిటార్ కూడా తీసుకెళ్ళా. నాన్న షాపులో బల్లమీద పెట్టి, స్క్రూలు విప్పి, పికప్ బయటికి తీసి కాసేపు చూశాడు.

"ఇదేంట్రా, కాయిలే కదా?"

"అదే నాన్నా, పికప్ అంటారు."

"మన మోటార్‌లో కరెంటిస్తే తిరుగుద్ది. దీంట్లో తీగ కదిల్తే కరెంటొచ్చుద్దన్నమాట. దీనికి 55 వేలా?"

ఫారడే సూత్రం మీద నేను సెమిస్టర్ ఎగ్జామ్‌లో ఒకటిన్నర పేజీ రాశా. నాన్న ఒక్క ముక్కలో తేల్చేశాడు. అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్లు సన్నటి రాగి తీగ, పైన ఉక్కు తీగ. ఉక్కు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం మారుతుంది, రాగి చుట్టలో వోల్టేజ్ పుడుతుంది. ఎంత రేటున్న ఎలక్ట్రిక్ గిటార్‌లోనైనా మామూలుగా ఉండేది ఇదే.

మల్టీమీటర్ పెడితే మూగ పికప్ ఓపెన్ చూపించింది. నాన్న కళ్ళద్దాలు మార్చుకుని, దీపం దగ్గరికి లాక్కుని వెతికాడు. లోపల చుట్లు బానే ఉన్నాయి, బయటికొచ్చే కొస దగ్గర తెగింది. ఆ తీగ మనిషి వెంట్రుకంత కూడా ఉండదు. బ్లేడు అంచుతో వార్నిష్ గీకి, సోల్డర్ పెట్టాడు. రెండుసార్లు ఊడింది. మూడోసారి మీటర్‌లో 6.8 కిలో ఓమ్స్ వచ్చింది. తర్వాత ఆ గూఁ శబ్దం విని, "దీనికి ఎర్తు లేదురా" అని తీగలన్నీ ఆనే బ్రిడ్జ్ కిందకి ఒక వైరు లాగాడు. గోల సగానికి పైగా పోయింది. మిగిలిన సగం మన 50 హెర్ట్జ్ కరెంటుది, అది సింగిల్ కాయిల్ పికప్ లక్షణం. షాపులో పనిచేసే అన్న ఫ్యాన్ ఆపి, "ఇప్పుడు వాయించు" అన్నాడు. చెరువు దగ్గర్నుంచి మోటార్ పట్టుకొచ్చిన ఇద్దరు రైతులు కూడా నిలబడ్డారు. నేను మూడు పవర్ కార్డ్స్ వాయించా. ఒకాయన "బాగా అరుస్తోందిరా అబ్బాయ్" అన్నాడు. నాకొచ్చిన రివ్యూల్లో ఇప్పటికీ అదే బెస్ట్.

చెడిపోయిందంతా గొప్పదని మాత్రం నేను అనట్లేదు. అలా అంటే మీరు నన్ను ఒక్క ఆల్బమ్‌తో కొట్టెయ్యచ్చు. 2008లో వచ్చిన మెటాలికా 'డెత్ మాగ్నెటిక్'. దాంట్లోనూ క్లిప్పింగే. సీడీలో ఒక్కో శాంపిల్ 16 బిట్లు, అంటే 32,767 దాటితే ఇంక జాగా లేదు. పాట అన్నిటికన్నా గట్టిగా వినపడాలని మిక్సింగ్‌లో తోసుకుంటూ పోయారు, అలల నెత్తులు గోడకి కొట్టుకున్నాయి. గిటార్ ఒక్కటే కాదు, డ్రమ్స్, గొంతు అన్నీ నలిగిపోయాయి. అవే పాటలు 'గిటార్ హీరో' అనే వీడియో గేమ్‌లో అంత నలక్కుండా వచ్చాయి. ఫ్యాన్స్ రెండూ పోల్చి చూసి, మళ్ళీ మిక్స్ చెయ్యమని వేలమంది సంతకాలు పెట్టారు. పాటలు మంచివే, కానీ హెడ్‌ఫోన్స్‌లో నాలుగో పాటకే నాకు తలనొప్పి వస్తుంది. అదే బ్యాండ్ 1988 ఆల్బమ్ '...అండ్ జస్టిస్ ఫర్ ఆల్'లో ఇంకో రకం లోపం, బేస్ గిటార్ దాదాపు వినపడదు. పాపం కొత్తగా చేరిన జేసన్ న్యూస్టెడ్ అంత వాయించీ లాభం లేకపోయింది.

రెండూ క్లిప్పింగే అయినప్పుడు తేడా ఎక్కడ? నాకు తోచింది చెప్తా. యాంప్‌లో పుట్టే డిస్టార్షన్ వాయించేవాడి చెయ్యి మాట వింటుంది. మెల్లగా మీటితే శుభ్రంగా పలుకుతుంది, గట్టిగా మీటితే గరగరలాడుతుంది. 'డెత్ మాగ్నెటిక్' క్లిప్పింగ్ వాయించడమంతా అయిపోయాక పైనుంచి పడింది. ఎవరు ఎలా మీటినా ఒకటే నలుగుడు.

గిటార్లకీ ఇదే లెక్క. చౌక గిటార్ మెడ వంగిపోయి ఉంటే, మరలు జారి నిమిషానికోసారి శ్రుతి తప్పుతుంటే, అది మీ చెయ్యి మాట వినదు. నేర్చుకునేవాడికి అది నరకమే. దాన్ని బాగుచేయించాలి, లేదా మార్చాలి. అంతేగానీ బాడీ రంగు, తలమీద కంపెనీ పేరు, కేసు లోపలి వెల్వెట్ వినపడవు. మంచి గిటార్ కొనుక్కోవాలని నాకూ ఉంది, అబద్ధం ఎందుకు? ఉద్యోగం వచ్చాక కొనుక్కుంటా. కానీ అది వచ్చేదాకా వాయించకుండా కూర్చోవడం మాత్రం తప్పు.

పాలకొల్లు పేరు ఎత్తాను కాబట్టి మాండలిన్ శ్రీనివాస్ గారి గురించి చెప్పకపోతే మా ఊరివాళ్ళు ఒప్పుకోరు. 1969లో పుట్టింది అక్కడే. వాళ్ళ నాన్నగారు క్లారినెట్ కళాకారులు. ఆరేళ్ళప్పుడు ఇంట్లో ఉన్న నాన్నగారి మాండలిన్ తీసి వాయించడం మొదలెట్టారట. గురువుగారు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు విని వాయించేవాడు. మామూలు మాండలిన్‌కి నాలుగు జతల తీగలు, మీటగానే నాదం చచ్చిపోతుంది. మరి గమకం నిలిచేదెలా? ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని, జతలు తీసేసి, అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. దాంట్లోనూ ఉన్నది ఆ అయస్కాంతం, రాగి చుట్టే. కర్ణాటక సంగీతానికి ఈ వాద్యం పనికిరాదన్నవాళ్ళు ఉన్నారు. ఆ అయిదు తీగలతోనే జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన 'రిమెంబర్ శక్తి'లో కూర్చున్నారు. 2014లో పోయారు, 45 ఏళ్ళకే. రాక్ అంటే ఫారిన్ గోల అనే మన క్లాస్‌మేట్స్‌కి నేను ముందు ఆయన కచేరీ వినిపిస్తా, తర్వాత సబ్బాత్ పెడతా. నూటికి నూరుసార్లూ పని చెయ్యదు. కొన్నిసార్లు చేసింది.

ఇప్పుడు క్లబ్ వాళ్ళకి, అంటే నాక్కూడా, మూడు మాటలు. వచ్చే ఆడిషన్ నుంచి మొదటి ప్రశ్న "ఏం వాయిస్తావ్?" అని ఉండాలి. రెండు, క్లబ్ రూమ్‌లో తాళం వేసి పెట్టిన యాంప్, రెండు కేబుళ్ళు ఉన్నాయి. అవి ఫెస్ట్ వారంలో తప్ప బయటికి రావు. వారానికి ఒక సాయంత్రం తాళం తీద్దాం, ఎవరైనా వచ్చి వాళ్ళ గిటార్ పెట్టుకోవచ్చు. మూడు, ఆడిషన్‌లో అందరూ ఒకే గిటార్ మీద వాయించాలి. నాది ఇస్తా, అరుపు గ్యారంటీ.

వినేవాళ్ళకి ఒక మాట. పాటల్ని షఫుల్‌లో పెట్టకండి. 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' అరగంట కన్నా కొంచెం ఎక్కువ, అంతే. ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు, ఫోన్‌లో చార్జింగ్ ఉంటే, మొదటి పాట నుంచి ఆఖరిదాకా వరసగా వినండి. ఆ ప్లాస్టిక్ తొడుగుల్ని గుర్తుపెట్టుకుని వినండి.

దుప్పట్లో గిటార్ చుట్టుకొచ్చిన తమ్ముడూ, నీ పేరు నాకు తెలీదు. ఆ రోజు నేను మాట్లాడి ఉండాల్సింది, సారీ. సెకండ్ ఇయర్ సీఎస్‌ఈలో వైండింగ్ షాపు వాళ్ళబ్బాయి ఎవరని అడిగితే నా రూమ్ ఎవరైనా చూపిస్తారు. నా దగ్గర కేబుల్ ఒకటి ఎక్స్‌ట్రా ఉంది. నాన్న ఇచ్చిన సోల్డరింగ్ ఐరన్ కూడా ఉంది. గిటార్ తీసుకుని రా.